స్వయంచాలక గేరు – సారథి ధర్మము



ముప్పదియైదేండ్లు బాలురకు సంధులును సమాసములును జెప్పిన పంతులు కారు గేర్లను గూర్చి ప్రసంగించుట యేమని మీలో గొందరికి సందేహము గలుగవచ్చును. రథము నడుపుట మన పూర్వులకు అన్యవిద్య కాదు. కఠోపనిషత్తు బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గములుగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను రూపించినది. సారథ్యమన నేమో యెఱుగని వానికి ఆ రూపకము బోధపడదు. కాబట్టి రథము మాఱినను విచారణ మాత్రము పాతదియే యని మనవి చేయుచు విషయమునకు వచ్చుచున్నాను.

నేడు మన పల్లపు సీమలో, తెనాలి కాలువగట్లు మొదలు రేపల్లె దాకను, బాపట్ల నుండి సూర్యలంక సముద్రతీరము దాకను, క్లచ్చి లేని కార్లు నానాటికి హెచ్చుచున్నవి. వానిలో ననేకములు విదేశములలో ఉద్యోగములు చేయు బిడ్డలు తలిదండ్రుల సౌకర్యమునకై కొని యిచ్చినవి. “నాన్నగారూ, ఇక గేర్లు మార్చే పని లేదు, ఎక్కి కూర్చుంటే చాలు” అని చెప్పి వారు విమాన మెక్కుదురు. ఆ మాట సగము నిజము. మిగిలిన సగమును జెప్పుటయే నా యుద్దేశము. ఏలయన, ఆ సగము తెలియక పోవుట చేతనే ప్రాణములమీదికి వచ్చుచున్నది.

మొదట గేరు ఏల వలయునో తెలిసికొందము. ఎద్దు మెల్లగా నడచునపుడును బలముగా లాగగలదు. బురదలో దిగబడిన బండిని లాగవలసి వచ్చినచో కాలు నిలద్రొక్కుకొని ఇంకను బలము చూపును. ఇంజను స్వభావ మట్లు కాదు. నిమిషమునకు కొన్ని వందల చుట్లకు తక్కువ తిరిగినచో అది ఆగిపోవును. వేగముగా తిరిగినగాని బలము చూపదు. కాగా చక్రము నిశ్చలస్థితి నుండి కదలవలసి యున్నది. తిరుగుచున్న దానికిని తిరుగని దానికిని పొత్తు కుదుర్చుటకు క్లచ్చియు, వేగమును బలముగను బలమును వేగముగను మార్చుకొనుటకు గేర్లును ఏర్పడినవి. మొదటి గేరులో ఇంజను సుమారు 12 మొదలు 15 మార్లు తిరిగినచో చక్రము ఒక్క మారు తిరుగును. పై గేరులో రెండు మూడు మార్లు తిరుగునప్పటికే చక్రము ఒక చుట్టు ముగించును. మొదటి దానిలో బలము హెచ్చు, వేగము తక్కువ. రెండవ దానిలో వేగము హెచ్చు, బలము తక్కువ. బరువైన తలుపును కీలు దగ్గఱ త్రోయుటకును అంచు దగ్గఱ త్రోయుటకును గల భేదమే యిది.

ఈ మార్పును కాలితో క్లచ్చి త్రొక్కి, చేతితో కడ్డీని కదపి చేయుట పాతపద్ధతి. దానిని యంత్రమే చేసికొనునట్లు చేయవలెనను ప్రయత్నము చాలకాలము నడచినది. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగరు 1905లో ఓడల యంత్రములకై ఒక సాధనమును కల్పించి హక్కు పొందెను. అందు బలము ఇనుపపండ్ల ద్వారా గాక ద్రవము ద్వారా ఒక చక్రము నుండి మఱియొక చక్రమునకు బోవును. ఆ తత్త్వమును గేరుపెట్టెతో జోడించి అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థవారు ‘హైడ్రామాటిక్’ అను స్వయంచాలక గేరును 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీలు కార్లలో నమర్చిరి. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సేనల చిన్న టాంకులలో గొన్నింటికి ఇదే గేరును వాడిరి. యుద్ధానంతరము 1948లో బ్యూయిక్ కార్లలో ‘డైనాఫ్లో’ అను మఱియొక పద్ధతి వచ్చెను. నేటి పెక్కు కార్లలోని ‘టార్కు కన్వర్టరు’ అను పరికరమునకు అది పూర్వరూపము.

ఈ పరికరము పని చేయు విధము సులభముగా తెలియును. బల్లమీద రెండు విద్యుత్పంకాలను ఎదురెదురుగా నిలిపి ఒక దానిని మాత్రమే తిప్పుడు. దాని గాలి తగిలి రెండవది తనంత తాను మెల్లగా తిరుగనారంభించును. గాలికి బదులు నూనెయు, బల్లకు బదులు మూసిన ఇనుపకోశమును ఉన్నవని భావించుడు. ఇంజనుతో తిరుగునది ఒక రెక్కల చక్రము; గేరుపెట్టెను తిప్పునది రెండవ రెక్కల చక్రము. నడుమ మూడవ రెక్కల చక్ర మొకటి తిరిగివచ్చు నూనెను సరియైన దిక్కునకు మళ్లించి త్రోపునకు తోడుచేయును. కదలునపుడు ఇంజను బలము ఇందుచేత ఇంచుమించు రెండింత లగును. కాలువనీరు లాకు తలుపుల నడుమ వడి హెచ్చి దూకుట చూచిన మన రైతులకు ఈ సంగతి వింత గాదు. బండి వేగమందుకొనిన పిమ్మట రెండు చక్రములును ఒకటిగా బిగిసికొని, నూనెలో వ్యర్థమగు బలము మిగులును.

ఆ వెనుక నున్న గేర్లకు గ్రహచక్రములని పేరు. నడుమ సూర్యచక్రము, దాని చుట్టును తిరుగు గ్రహచక్రములు, వెలుపల వలయచక్రము. వీనిలో నొకదానిని పట్టి నిలిపి మఱియొక దానిని తిప్పినచో ఒక గేరు, వేఱొక దానిని నిలిపినచో వేఱొక గేరు ఏర్పడును. ఒక్క ధాతువునకు వేర్వేఱు ప్రత్యయములు చేరి వేర్వేఱు రూపములు సిద్ధించినట్లే, కొద్ది చక్రములతోనే ఎనిమిది, తొమ్మిది గేర్లు సిద్ధించుచున్నవి.

స్వయంచాలక గేర్లన్నియు నొక్క జాతివి కావు. ఈ సంగతి తెలిసికొనుటకు దూరదేశములకు బోనక్కఱ లేదు. తెనాలి రామకృష్ణకవి కీర్తి వెలసిన విజయనగర సామ్రాజ్యమునకు 1565 తరువాత రాజధానియైన పెనుకొండ దగ్గఱ కొరియా దేశపు కియా సంస్థవారి కర్మాగారము కలదు. అక్కడ నుండి 2019లో వెలువడిన సెల్టోస్ అను కారునకు నాడే మూడు జాతుల స్వయంచాలక గేర్లు ఉండెను. డీజిలు ఇంజనునకు పైన జెప్పిన టార్కు కన్వర్టరు. ఒక పెట్రోలు ఇంజనునకు గేర్లే లేని పద్ధతి. రెండు కప్పీలు వెడల్పు మార్చుకొనుచు నడుమ బిగించిన పట్టెను పైకి క్రిందికి జరుపును, మెట్లకు బదులు వాలుదారి యన్నమాట. మఱియొక పెట్రోలు ఇంజనునకు జంటక్లచ్చి. ఒక క్లచ్చి బేసి గేర్లను, రెండవది సరి గేర్లను పట్టుకొని, ఒకటి పని చేయుచుండగనే తరువాతి గేరును రెండవది సిద్ధపఱచి యుంచును. ఈ మూడింటికి తోడు 2014లో మారుతి వారి సెలేరియో కారుతో చవుకధర పద్ధతి యొకటి మనదేశమున వ్యాపించెను. అందు గేరుపెట్టె పాతదియే. క్లచ్చిని నొక్కు పనియు గేరు మార్చు పనియు చిన్నయంత్రములు చేయును.

ఏ జాతి యైనదియు తెలిసికొనుట వట్టి పాండిత్యము గాదు. తెనాలి మార్కెట్టు వీథిలో అడుగడుగునకు ఆగుచు పోవునపుడు నూనెతో పనిచేయునది ఓర్పుగా నడచును. పొడి జంటక్లచ్చి గలది మాటిమాటికి రాపిడి పొంది వేడెక్కును. కావున ముందున్న రిక్షా వెనుక వ్రేలెడు వ్రేలెడుగా బ్రాకక, కొంత యెడము ఏర్పడనిచ్చి ఒక్కసారి కదలుట మేలు. వంతెన వాలులో నిలిచినపుడు బ్రేకు వదలి యాక్సిలరేటరుతో బండిని నిలిపి యుంచుట ఏ జాతికిని మంచిది గాదు. జంటక్లచ్చికిని సెలేరియో పద్ధతికిని అది మఱింత కీడు. చవుకపద్ధతి గల కార్లలో గొన్ని, బ్రేకు విడిచిన క్షణమున వాలు వెంట వెనుకకు జాఱును. వెనుక సైకిలుమీద చిన్నవాడున్నచో ఆ జాఱుడే ప్రమాదము.

ఇక అక్షరముల ప్రకరణము. మీటకడ నాలుగక్షరములుండును. పి యన బండిని కట్టివేయు స్థానము, ఆర్ యన వెనుకకు, ఎన్ యన ఏ గేరును లేని స్థితి, డి యన ముందునకు. ఈ నాలుగును ఓనమాలవలె నోటికి వచ్చిన చాలదు, అర్థము తెలియవలెను.

పి యందు గేరుపెట్టెలో ఒక ఇనుప వ్రేలు దిగి పండ్లచక్రమును కఱచి పట్టుకొనును. బండి బరువంతయు ఆ వ్రేలిమీదనే మోపరాదు. వాలులో నిలుపునపుడు ముందు కాలిబ్రేకు త్రొక్కి, ఎన్ లో నుంచి, హ్యాండుబ్రేకు వేసి, కాలు కొంచెము సడలించి బరువు హ్యాండుబ్రేకుమీద నిలిచినదని తెలిసిన పిమ్మట పి లోనికి మార్చుట సరియైన క్రమము. ముందునకు కదలుచుండగా ఆర్ నకు, వెనుకకు కదలుచుండగా డి నకు మార్చరాదు; చక్రములు పూర్తిగా ఆగవలెను. పల్లములో పెట్రోలు మిగులునని ఎన్ లో జాఱవిడచుట మఱియొక దురభ్యాసము. అట్లు చేసినచో ఇంజను వలన గలుగు ఆపుడు శక్తి పోయి భారమంతయు బ్రేకులమీదనే పడును. మిగులునదియు నేమియు లేదు, గేరులో నుండగా కాలు తీసినచో నేటి యింజనులు ఇంధనమును తామే నిలిపివేయును. బ్యాటరీ చచ్చినచో ఈ బండ్లను త్రోసి స్టార్టు చేయుట సాధ్యము గాదు. పదిమంది యువకులు చెమటలు గార్చినను ఫలము లేదు. పాడైన బండిని చక్రములు నేలమీద దొర్లునట్లు త్రాటితో లాగించినను గేరుపెట్టె చెడును. లారీమీద నెక్కించి తీసికొనిపోవలెను. గేరునూనె జీవితాంతము మార్చనక్కఱ లేదని చెప్పు మాటను నమ్మకుడు. పెద్దకార్లకు గేరుపెట్టెలు చేయు జర్మనీ దేశపు జెడ్.ఎఫ్. సంస్థయే 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల నడుమ నూనె మార్చుట మంచిదని చెప్పుచున్నది.

డి లో నుంచి బ్రేకు విడిచిన మాత్రమున బండి తనంత తాను మెల్లగా ముందునకు బ్రాకును. పాతకారు నడిపిన వారికి ఇది క్రొత్త. వాకిట బండి నాపి, ఇంజను ఆపకయే, మనుమరాలితో మాటాడుటకు తలుపు తెఱచి దిగుట చాల ప్రమాదకరము. పి లో నుంచక, హ్యాండుబ్రేకు వేయక, ఇంజను ఆపక ఆసనము విడువరాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. క్లచ్చి పోయిన పిమ్మట పాదముల క్రింద రెండు పలకలే మిగిలినవి. ఒకటి ఆపునది, ఒకటి పరుగెత్తించునది. రెండును ఒక్క కుడికాలికే అప్పగింపబడినవి. పాతబండిలో కాలు పొరబడినను ఎడమకాలు క్లచ్చి నొక్కినచో ఇంజనునకును చక్రమునకును పొత్తు తెగిపోవును. క్రొత్తబండిలో ఆ రక్షణ లేదు. బ్రేకనుకొని యాక్సిలరేటరు త్రొక్కిన వాడు, బండి ఆగకపోవుట చూచి మఱింత గట్టిగా త్రొక్కును. ఎంత గట్టిగా త్రొక్కిన అంత వేగముగా దూకును. కాలు తప్పు చేయుచున్నదను తలంపే వానికి రాదు. బ్రేకు పని చేయుట లేదనియే తోచును.

మా వీథిలో పెద్దవా రొకరు, ఉద్యోగవిరమణ చేసినవారు, క్రొత్తబండిని గుమ్మము నుండి వెనుకకు దీయుచుండిరి. మెడ త్రిప్పి వెనుకకు చూచుటలో దేహము కొంచెము ప్రక్కకు ఒరగినది. దానితో పాదమును జరిగినది. ఎదుటి యింటి ప్రహరీ కూలినది. పూలబుట్టతో ఆ గోడ నీడను గూర్చుండు ముసలమ్మ అప్పుడే దాహమునకై లేచి పోయినది కాబట్టి బ్రదికినది. ఆ పెద్దమనిషి నేటికిని, “బ్రేకే తొక్కానండీ, బండి వినలేదు” అనుచున్నారు. ఆయన అబద్ధమాడుట లేదు. తన కాలు చేసిన పని తనకు తెలియలేదు.

ఇది ఒక్క మన వీథి కథ గాదు. 1980ల నడుమ అమెరికాలో ఆడి 5000 అను కారు తనంత తాను దూకుచున్నదని పెక్కుమంది ఫిర్యాదు చేసిరి. 1989లో ఆ దేశపు రహదారి భద్రతాశాఖ విచారించి, ఇట్టి సంఘటనలలో హెచ్చుభాగమునకు కారణము పలకల పొరపాటని తేల్చెను. బ్రేకు త్రొక్కినగాని మీట పి నుండి కదలకుండుట యను కట్టడి ఆ కాలముననే వాడుకలోనికి వచ్చినది. అది వట్టి లాంఛనము గాదని తెలిసికొనుడు. జపాను రాజధాని టోక్యోలో ఇకెబుకురో అను చోట 2019 ఏప్రిలులో 87 ఏండ్ల వృద్ధుడు నడపిన కారు వీథి దాటువారిపై దూసికొనిపోగా ఒక తల్లియు ఆమె మూడేండ్ల కూతురును మృతి జెందిరి. కారే చెడినదని ఆయన వాదించెను. యంత్రమున దోషము లేదనియు, బ్రేకునకు మాఱుగా యాక్సిలరేటరు త్రొక్కెననియు న్యాయస్థానము నిశ్చయించి 2021లో ఐదేండ్ల శిక్ష విధించెను. జపానులో వృద్ధులు హెచ్చు. మన డెల్టా గ్రామములలోను బిడ్డలు దూరదేశములకు బోయి వృద్ధులే మిగులుచున్నారు. అక్కడి పాఠము మనకును పాఠమే.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. నాకు క్రొత్తబండి నేర్పిన కుఱ్ఱవాడు మొదటి దినముననే, “మాష్టారూ, ఎడంకాలికి ఇక సెలవు. దాన్ని వెనక్కి లాగి మడమ నేలకి ఆనించి ఉంచండి, మళ్ళీ లేవనివ్వకండి” అనెను. ఇరువది వ్యాకరణసూత్రముల విలువ చేయు మాట యది. ఎడమకాలు లేచెనా, పాతవాసన చేత క్లచ్చి అనుకొని బ్రేకునే ఒక్కసారి నేలదాక నొక్కును. వెనుక వచ్చు లారీ మనమీద పడును. కుడిమడమ బ్రేకు కెదురుగా నేలమీద నుండవలెను. యాక్సిలరేటరుకై పాదాగ్రము మాత్రమే కుడికి తిరుగవలెను. కంగారు పుట్టినపుడు పాదము తిన్నగా దిగినచో బ్రేకుమీదనే పడునట్లు ఆసనము సవరించుకొనవలెను. జాఱు చెప్పులు, వదులు చెప్పులు విడిచి నడుపవలెను. మీట కదపుటకు ముందు ప్రతిసారియు బ్రేకుమీద కాలున్నదని పాదముతోనే తెలిసికొని, పిమ్మట అక్షరము మార్చవలెను. వెనుకకు దీయునపుడు యాక్సిలరేటరు జోలికి పోక, బ్రేకును కొంచెము కొంచెము సడలించిన చాలును. బండి తానే బ్రాకును. ఎంత త్రొక్కినను బండి ఆగక వేగము హెచ్చినచో, త్రొక్కుచున్న దానినుండి కాలు పైకెత్తవలెను. ఈ ఒక్క మాట ఇంటిలోని పెద్దలందఱిచేతను పదిమార్లు చెప్పింపుడు.

ఖరీదైన కార్లలో ఇంకొక చిక్కు కలదు. మీట ఉండవలసిన చోట ఉండదు. మెర్సిడెస్ కార్లలో పెక్కింటికి స్టీరింగు కుడిప్రక్కన సన్ననిపుల్ల వలె నుండును. పైకి నెట్టిన వెనుకగేరు, క్రిందికి నొక్కిన ముందుగేరు, కొనను నొక్కిన పి. మన వీథులలో తిరుగు చిన్నకార్లలో పెక్కింటికి అదే చోట మలుపుదీపపు పుల్ల యుండును. ఇన్నేండ్లు కుడిచేతితో దీపము వెలిగించినవాడు బాపట్ల మలుపులో అలవాటుచొప్పున దానిని కదల్చినచో బండి ఎన్ లోనికి పోవును. బి.ఎం.డబ్ల్యు. కార్లలో గొన్నింటికి మీట ముందునకు త్రోసిన వెనుకగేరు, వెనుకకు లాగిన ముందుగేరు. విడిచిన వెంటనే నడుమకు తిరిగి వచ్చును. ఇంకొన్నింటికి మీటయే లేక గుండ్రని మర యుండును. మీట స్థానమును జూచి గేరును గుర్తించుట వీనిలో సాధ్యము గాదు. 2016లో జీపు గ్రాండ్ చెరోకీ మొదలైన కార్లను సుమారు 11 లక్షలు వెనుకకు పిలిపించిరి. పి లో నుంచితిమనుకొని జనులు దిగిపోగా, బండ్లు దొర్లి కొందఱు గాయపడుటయే దానికి కారణము. ఒక పదమునకు ఒక గ్రంథమున ఒక పారిభాషికార్థము, వేఱొక గ్రంథమున వేఱొకటి యుండును. వృద్ధి, గుణము అను మాటలకు వ్యాకరణమున నున్న అర్థము వైద్యమున లేదు గదా. అట్లే చేతిని నమ్మకుడు. ఎదుటి పలకమీద వెలుగు అక్షరమును చదివి నమ్ముడు. క్రొత్తకారు కొనిన వారు దారిమీదికి రాకముందే నిలిపిన బండిలో కూర్చుండి పదిదినములు ఆ అక్షరములను దిద్దవలెను.

ఇంక యంత్రపు తెలివిని గూర్చి. చక్రములు బిగిసి జాఱకుండ బ్రేకును క్షణమునకు పెక్కుమార్లు పట్టి విడుచు సాధనమును జర్మనీ దేశపు బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ కారునకు సిద్ధపఱచెను. మలుపులో బండి అడ్డముగా తిరుగకుండ ఒక్కొక్క చక్రమును వేఱుగా ఆపు సాధనము 1995లో వచ్చెను. మొదటిది 2019 ఏప్రిలు నుండి మనదేశమున క్రొత్తకార్లన్నింటికిని విధింపబడినది. అది పనిచేయునపుడు కాలిక్రింద బ్రేకుపలక దడదడ కొట్టుకొనును. అది జబ్బు గాదు, వెఱచి కాలు తీయరాదు. మఱింత గట్టిగా త్రొక్కి అడ్డము తప్పించి నడుపవలెను.

వేగమును తానే నిలుపుకొను సాధనమును అమెరికాలో రాల్ఫ్ టీటరు అను ఇంజనీరు కల్పించి 1950లో హక్కు పొందెను. క్రైస్లరు కార్లలో 1958లో అది ప్రవేశించినది. ఐదేండ్ల వయస్సున కన్నులు పోయిన వాడు ఆయన. ఇతరులు నడపు బండిలో కూర్చుండి ఆ వేగపు హెచ్చుతగ్గులను దేహముతో గుర్తించిన వానికి గదా ఆ యుక్తి తోచవలెను! నేటి కార్లలో దానికి రాడారును, కెమెరాయును తోడై, ముందుబండిని జూచి తానే దూరము పాటించును, గీతలు జూచి తానే దారి నిలుపును, అడ్డము వచ్చినచో తానే ఆగును.

అయితే ఈ తెలివికి హద్దు కలదు. బాపట్ల మీదుగా పోవు 216వ జాతీయ రహదారిని తలచుకొనుడు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క క్షణమునకు 22 మీటర్లు పోవును. కోతల కాలమున దారిలో సగము ధాన్యము ఆరబోసి యుందురు. చుట్టును రాళ్లు పేర్తురు. చీకటిలో దీపములేని ట్రాక్టరు గడ్డివాము వలె కదలును. బాతులమంద దాటును, గేదె నిలిచి చూచును. పుష్యమాసపు ఉదయమున కాలువలమీది మంచు కన్నుల కడ్డపడును. గట్లమీది దారులకు గీతలే లేవు. ఇట్టి చోట యంత్రము చూచునను ధైర్యముతో వేగసాధనమును పెట్టి కూర్చుండుట తగదు. వానలో నీరు నిలిచిన దారియందు దానిని తప్పక తీసివేయవలెను. ఎదుటిబండిని దాటునపుడును జాగ్రత్త వలయును. యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కినచో యంత్రము క్రిందిగేరునకు దిగి బలము తెచ్చుకొనుటకు కొంత యాలస్య మగును. ఆ యాలస్యములో ఎదుట బస్సు దగ్గఱయగును. కాబట్టి ముందుగానే స్పోర్టు స్థితికో, చేతిగేరు స్థితికో మార్చి, బలము చేతికి వచ్చిన పిమ్మట దాటుడు; సందేహమున్నచో దాటకుడు. శాస్త్రమున ఉత్సర్గమనియు అపవాదమనియు రెండు విధులు గలవు. డి అనునది ఉత్సర్గము, సాధారణవిధి. ఇరుకుదారియు, జాఱునేలయు, నిండుబరువును అపవాదములు. అక్కడ సాధారణవిధికి చోటు లేదు. అపవాదమును గుర్తించు పని యంత్రముది కాదు, సారథిది.

కాలువల దేశమున నున్నాము కావున ఒక కఠినసత్యమును జెప్పక తప్పదు. దేవుడు మేలుచేసి అట్టి అవసరము రాకుండుగాక. బండి నీటిలో పడినచో మొదటి నిమిషమే ముఖ్యము. తలుపు తెఱువ యత్నింపకుడు, నీటి ఒత్తిడిచే అది రాదు. ఫోనునకై వెదుకకుడు. నడుముపట్టెలు విప్పుడు, అద్దము వెంటనే దింపుడు, పిల్లలను ముందు బయటికి పంపుడు, మీరును వెళ్లుడు. విద్యుత్తుతో దిగు అద్దములు సాధారణముగా కొంతసేపు పనిచేయును. ఆ కొంతసేపే మనది. ఖరీదైన కార్లలో గొన్నింటికి ప్రక్క అద్దములు రెండుపొరల నడుమ జిగురు పెట్టి చేయబడును. చప్పుడు లోనికి రాకుండుట దానివలని సుఖము. కాని సుత్తితో కొట్టినను అవి పగిలి రాలవు. మీ కారులో ఏ అద్దము ఏ జాతిదో అద్దము మూలను వ్రాసియుండును. లేదా అమ్మినవారిని అడిగి తెలిసికొనుడు. సుఖమునకై చేసినదే సంకటమగుట లోకమున గలదు గదా.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు విదర్భకు పోవ త్వరపడగా, బాహుకుని వేషమున నున్న నలుడు రథము నడపెను. జాఱిన ఉత్తరీయము నెత్తుకొందునని రాజనులోపల రథము చాలదూరము గడచిపోయెను. అంత వేగమును ఇచ్చినది చబుకు గాదు. అశ్వహృదయ మను విద్య. గుఱ్ఱము మనస్సు తెలిసినవాడు కనుక దాని వేగమును తన యదుపులో నుంచుకొనెను. నేటి రథమునకు గుఱ్ఱములు లేకపోయినను దానికిని ఒక హృదయము కలదు. అది ఏమి చేయునో, ఏమి చేయజాలదో, ఏ క్షణమున మన కాలును నమ్మి పరుగెత్తునో తెలిసికొనుటయే నేటి అశ్వహృదయము.

ఈ రాత్రి మీ యింట స్వయంచాలక గేరు గల బండి యున్నచో, దాని యజమాని యెంతటి పెద్దవాడైనను, రేపు ఉదయము ఖాళీస్థలమున నిలిపి మూడు పనులు చేయుమని ప్రార్థింపుడు. ఎడమకాలిని కట్టడి చేయుట, చూడకయే కుడికాలితో బ్రేకును ఇరువదిమార్లు తాకుట, అక్షరమును బిగ్గరగా చదివి గేరు మార్చుట. కారు ఇచ్చి విమానమెక్కిన బిడ్డలు వినుచున్నచో, ఫోనులో తలిదండ్రుల ఆరోగ్య మడుగునపుడు ఈ మూడింటిని గూర్చియు అడుగుడు. వాకిట నాడుకొను పిల్లవానికిని, గోడనీడను పూలమ్ము ముసలమ్మకును అదియే మీరు చేయు రక్ష.